మా అమ్మాయి స్టేజీ దిగుతోంది, నేనేం చెప్పాలి?

ప్రశ్న: మాది విజయవాడ. 28 ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయికి 34 ఏళ్లు. ఏడో ఏట బ్యాలే క్లాసులో చేర్చాం. కాలేజీకి వెళ్లమని ఎంత చెప్పినా వినకుండా 18 ఏళ్లకే మిడ్‌వెస్ట్‌లో ఒక బ్యాలే కంపెనీలో చేరిపోయింది. ఏడేళ్లు గుంపులో చేసి, తర్వాత సోలోయిస్ట్ అయింది. కిందటేడు చీలమండకి రెండో ఆపరేషన్ జరిగింది. ఈ సీజనే ఆఖరిదని, మే నెలలో ఆపేస్తానని తనే చెప్పింది. ఫిబ్రవరి నుంచి వాళ్ల కంపెనీ స్కూల్లోనే వారానికి రెండు క్లాసులు చెప్పమని అడిగారట. "డాన్స్ చేయలేని వాళ్లే కదమ్మా టీచర్లయ్యేది" అని ఫోన్‌లో ఏడ్చింది. వారం తిరక్కుండానే "ఎప్పటికైనా ఒక కంపెనీకి డైరెక్టర్ని అవుతాను" అంది. వాళ్ల నాన్నగారేమో ఇప్పటికైనా డిగ్రీ చేయమంటున్నారు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. మా గరాజ్‌లో తను వాడేసిన పాయింట్ షూస్ (కాలి వేళ్ల కొనల మీద నిలబడి చేయడానికి వేసుకునే బ్యాలే షూస్) ఆరు డబ్బాలున్నాయి. పారేద్దామంటే ఒప్పుకోదు. తనకి నేనేం చెప్పాలి?
ఒక అమ్మ, న్యూజెర్సీ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "డాన్స్ చేయలేని వాళ్లే కదమ్మా టీచర్లయ్యేది." ఈ మాట నేనూ అన్నాను, 37 ఏళ్ల వయసులో, మా అమ్మతోనే. నేను కూచిపూడి దాన్ని. మోకాళ్లు మొరాయించాక పాఠాలు చెప్పడం మొదలుపెట్టి 26 ఏళ్లయింది. మధ్యలో మావారి ఉద్యోగం కోసం లండన్‌లో ఆరేళ్లు ఉన్నాం. అక్కడ ఒక బ్యాలే స్కూల్లో పెద్దవాళ్ల క్లాసుకి వెళ్లేదాన్ని. తర్వాత టీచరుగారిని అడిగి పిల్లల క్లాసులో ఓ మూల కూర్చుని చూసేదాన్ని. అందుకే మీ అమ్మాయి బాధ నాకు బాగా తెలిసిన బాధలాగే ఉంది.

ముందు మీ సంగతి చెబుతాను. ఇలాంటప్పుడు మన ఇళ్లలో ముందుగా నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది: "పోనీలేమ్మా, హాయిగా పిల్లలకి నేర్పుకోవచ్చు." దయచేసి ఆ మాట అనకండి. అందులో ప్రేమ ఉంది, నాకు తెలుసు. కానీ "పోనీలే" అనగానే పోయింది చిన్నదైపోతుంది, వచ్చేది అంతకన్నా చిన్నదైపోతుంది. పదహారేళ్లుగా పొద్దున్నే బార్ (క్లాసులో ఆసరాగా పట్టుకునే కమ్మీ) పట్టుకుని, పియానో మొదలవగానే మొదటి ప్లియేలోకి, అంటే మోకాళ్లు వంచే వ్యాయామంలోకి, దిగిన మనిషి ఆమె. జ్వరమొచ్చినా, ముందురోజు రాత్రి షో ఆలస్యమైనా, పండగైనా ఆ క్లాసు ఉండేది. ఆ క్లాసు లేని రోజు తన ఒంటికి ఏం చేయాలో తోచదు. ఈ దుఃఖానికి కొన్ని నెలలు పడుతుంది. ఏడవనివ్వండి. ఫోన్ పెట్టేయకుండా వింటే చాలు, సలహా అప్పుడే అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా మీరు అర్థం చేసుకోవాలి. పారిస్ ఒపేరా బ్యాలేలో రిటైర్మెంట్ వయసు 42. పింఛను ఉంటుంది. ఎప్పుడు దిగాలో అక్కడ అందరికీ ముందే తెలుసు. ఆఖరి షో రాత్రి ప్రేక్షకులు లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టి సాగనంపుతారు. అమెరికాలో అలాంటి తేదీ ఏదీ లేదు. ఏ సీజన్ ఆఖరిదో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. తేదీ ఇంకొకరు పెడితే అది రిటైర్మెంట్, మనమే పెట్టుకుంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. మీ అమ్మాయి ఇప్పుడున్నది అక్కడే. ఆ తేదీ తనంతట తాను చెప్పగలిగింది చూశారా, దానికి నేను ఆ పిల్లకి నమస్కారం పెడతాను. చాలామంది చెప్పలేరు.

ఇక టీచర్ల మాటకొద్దాం. దీనికి జవాబు రష్యాలో ఉంది.

అగ్రిపినా వగనోవా 1879లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. వాళ్ల నాన్న మారిన్‌స్కీ థియేటర్లో ప్రేక్షకులకి సీట్లు చూపించే పని చేసేవాడు. ఆ అమ్మాయి అక్కడి స్కూల్లోనే చదివి, 1897లో బయటికొచ్చి, అదే థియేటర్లో గుంపులో చేరింది. కాళ్లలో బలం ఉంది, గెంతులు బాగుండేవి. చేతుల్లో ఆ పొందిక లేదనేవాళ్లు. చూడగానే ఆకట్టుకునే రూపం కాదనేవాళ్లు. పెద్ద పాత్రలు ఇచ్చే చోట ఆవిడ పేరు వెనకే ఉండిపోయేది. ముఖ్య నర్తకికి ఇచ్చే బాలెరినా అన్న హోదా 1915లో గానీ రాలేదు. మరుసటి ఏడే, 1916లో, ఆవిడ స్టేజీ దిగిపోయింది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన హోదా ఏడాది ముచ్చటే అయింది.

ఆవిడ ఏడ్చే ఉంటుంది. కానీ ఆ పద్దెనిమిదేళ్లలో ఇంకో పని కూడా చేసింది. తనకి ఏది ఎందుకు కుదరడం లేదో వెతుక్కుంటూ వచ్చింది. అప్పట్లో పీటర్స్‌బర్గ్‌కి ఇటలీ నుంచి వచ్చిన నర్తకులు బొంగరాల్లా తిరిగేవాళ్లు. ఎన్రికో చెకెట్టి అనే ఇటలీ మాస్టారు అక్కడే పాఠాలు చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లకి ఆ బలం ఎక్కణ్నుంచి వస్తోంది, తన చేతులు ఎందుకు వెనకబడుతున్నాయి, నడుము ఎప్పుడు తోడొస్తుంది, ఎప్పుడు రాదు, ఇవన్నీ పక్కవాళ్ల ఒళ్లు చూసి, తన ఒంటి మీద పెట్టి చూసుకుంది. 1921 నుంచి స్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత రష్యాలో గొప్ప నర్తకులైన మరీనా సెమ్యోనొవా 1925లో, గలీనా ఉలానొవా 1928లో ఆవిడ క్లాసులోంచే బయటికొచ్చారు. 1934లో తన పద్ధతిని పుస్తకంగా రాసింది. ఆవిడ పోయిన ఆరేళ్లకి, 1957లో, ఆ స్కూలుకే ఆవిడ పేరు పెట్టారు. ఇప్పటికీ ప్రపంచం నలుమూలలా బ్యాలే పిల్లలు "వగనోవా పద్ధతి" అని నేర్చుకుంటారు. మీ అమ్మాయి కూడా చిన్నప్పుడు ఏదో ఒక టీచరు నోట ఆ పేరు వినే ఉంటుంది.

నేను దీన్ని ఎలా చూస్తానంటే, పుట్టుకతోనే అన్నీ అమరిన వాళ్లని "ఎలా చేశావు?" అని అడిగితే "ఏమో, చేశాను" అంటారు. మెట్టు మెట్టుగా కట్టుకున్న వాళ్లకే ఏ మెట్టు ఎక్కడుందో తెలుసు. మీ అమ్మాయి ఏడేళ్లు గుంపులో నిలబడి, ముందు వరసలోకి రావడానికి ఒక్కో అంగుళం సంపాదించుకుంది. ఆ ఏడేళ్లు తనకి వెనకబాటులా అనిపించి ఉంటాయి. టీచరుకి అంతకన్నా పెద్ద పెట్టుబడి లేదు.

ఆ ఉలానొవా, సెమ్యోనొవాల సంగతి కూడా చెప్పాలి. రష్యాలో పెద్ద పెద్ద నర్తకులు స్టేజీ దిగాక మరుసటి తరాన్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని పాత్రలు నేర్పుతారు. అక్కడ అది చాలా గౌరవమైన స్థానం. ఉలానొవా స్టేజీ దిగాక మాస్కోలోని బొల్షోయ్ థియేటర్లో అదే పని చేసింది, యెకటెరీనా మక్సీమొవా లాంటి వాళ్లని తయారుచేసింది. సెమ్యోనొవా తొంభై ఏళ్లు దాటాక కూడా అదే బొల్షోయ్‌లో క్లాసు చెప్పింది. మన దగ్గర మాత్రం వేరుగా ఉందా? వెంపటి చినసత్యం మాస్టారిని తల్చుకోగానే మనకి గుర్తొచ్చేది 1963లో మద్రాసులో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ, ఆయన శిష్యులు, ఆయన కట్టిన నృత్యనాటకాలు. (మన ఊళ్లలో ఆ నృత్యనాటకాల్ని "బ్యాలే" అనే అనేవాళ్లు. నేను లండన్ వెళ్లేదాకా నాకు తెలిసిన బ్యాలే అదే.) "మాస్టారు" అన్న పిలుపు ఆయనకి తక్కువ గౌరవమని ఒక్క తెలుగువాడైనా అనుకున్నాడా?

అయితే ఒక నిజం దాచను. మంచి నర్తకి అయినంత మాత్రాన మంచి టీచర్ అయిపోదు. అది వేరే విద్య. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మీ అమ్మాయికి ఇది నేరుగా చెప్పాలని ఉంది. ఇక్కణ్నుంచి ఈ ఉత్తరం తనకి చదివి వినిపించండి.

అమ్మాయీ, నా మొదటి క్లాసులో పదిహేను మంది పిల్లలు. నేను ముందు నిలబడి చేసి చూపించాను, వాళ్లు చేశారు. మూడు నెలలు గడిచాక ఒకరోజు వెనక నుంచి చూశాను. పదిహేను కుడి భుజాలు ఒక్క రవ్వ పైకి లేచి ఉన్నాయి. నాకు ఎప్పుడో పట్టిన నొప్పి వల్ల నా కుడి భుజం అలా లేస్తుంది, నాకే తెలియదు. పిల్లలు నేను చెప్పింది నేర్చుకోలేదు, నా ఒంటిని నేర్చుకున్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ పిల్లల భుజాలు దించడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

లండన్‌లో మా టీచరుగారు అరవై దాటిన మనిషి, ఒకప్పుడు స్టేజీ మీద చేసినావిడే. ఆవిడ ఎప్పుడూ పూర్తిగా చేసి చూపించేది కాదు. రెండు అరచేతులూ రెండు పాదాల్లా పెట్టుకుని, వేళ్లతోనే అడుగులన్నీ గాల్లో చూపించేది. పెదాలతో లెక్క చెప్పేది. ఒకరోజు ఒక పన్నెండేళ్ల పిల్ల రెండు చుట్లు తిరగలేక ప్రతిసారీ ఒక పక్కకి పడిపోతోంది. ఇంకో టీచరైతే "నడుము నిలబెట్టు, తల తిప్పు, గట్టిగా తిరుగు" అని నాలుగు మాటలు అరిచేవారు. మా టీచరుగారు చెక్క నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, "ముట్టుకోనా?" అని అడిగి, తిరగబోయే ముందు మోకాళ్లు వంచి నిలబడ్డ ఆ పిల్ల వెనక కాలి మడమ కింద రెండు వేళ్లు పెట్టింది. "నా వేళ్లు నలిగేలా తొక్కు, తర్వాత తిరుగు." మడమ అప్పటిదాకా ముందే లేచిపోతోందన్నమాట. నేలని తొయ్యకుండానే తిరుగుదామని చూస్తోంది. వేళ్లు నొక్కింది, తిరిగింది, రెండు చుట్లు తిరిగి నిలబడింది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. తప్పు కనబడిన చోట ఒకటైతే, అది పుట్టిన చోట ఇంకొకటి. ఆ రెండో చోటు చూడ్డమే నువ్వు నేర్చుకోవాల్సింది.

దానికి ఈ ఆఖరి సీజన్‌ని వాడుకో. ఒక నోటు పుస్తకం కొనుక్కో. పొద్దున క్లాసులో మీ టీచరు ఏ వ్యాయామం తర్వాత ఏది ఇచ్చారు, ఎందుకు ఇచ్చి ఉంటారు, నీకు చెప్పిన దిద్దుబాటు ఏది పని చేసింది, ఏది చేయలేదు, రాసిపెట్టు. చెకెట్టి మాస్టారికి వారంలో ఒక్కో రోజుకి ఒక్కో పాఠం ఉండేది, సోమవారం పాఠం మంగళవారం రాదు. అంత కచ్చితంగా ఆలోచిస్తేనే పాఠం అవుతుంది, లేకపోతే అది కసరత్తుగానే మిగిలిపోతుంది. ఫిబ్రవరికి ముందే, వీలైతే ఒక నెల, ఆ స్కూల్లో బాగా పేరున్న టీచరు క్లాసులో వెనక కూర్చో. చిన్న పిల్లల క్లాసైతే మరీ మంచిది. ఎనిమిదేళ్ల పిల్లల్ని పట్టి ఉంచగలిగితే పెద్దవాళ్లకి ఎప్పుడైనా చెప్పొచ్చు. ఆనక టీచర్ ట్రైనింగ్ కూడా చెయ్యి. లండన్‌లో 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాళ్లు కంపెనీల్లో చేసి వచ్చిన నర్తకుల కోసమే ఒక టీచర్ కోర్సు నడుపుతారు. అమెరికన్ బ్యాలే థియేటర్ వాళ్లకీ టీచర్ల శిక్షణ ఉంది. "ఇన్నేళ్లు చేసిన నాకు ఇంకా ట్రైనింగా?" అనుకోకు. పిల్లల ఎముకలు ఎప్పుడు ఎలా ఎదుగుతాయో నువ్వు స్టేజీ మీద నేర్చుకోలేదు కదా.

ఎముకలంటే గుర్తొచ్చింది. ప్రతి తల్లీ నీ దగ్గరికొచ్చి "మా పాపకి పాయింట్ షూస్ ఎప్పుడు వేస్తారు?" అని అడుగుతుంది. మామూలుగా పదకొండు, పన్నెండేళ్ల దగ్గర, అదీ పాదంలో, చీలమండలో, నడుములో బలం వచ్చిందని నువ్వు చూశాకే. వయసు వచ్చింది కదా అని వేయకు. పక్క స్కూల్లో వేశారు కదా అని అసలే వేయకు. రెండుసార్లు చీలమండ కోయించుకున్న నువ్వు ఈ విషయంలో గట్టిగా నిలబడితే ఏ తల్లీ కాదనలేదు.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ విద్యలో అద్దం ముందు నిలబెట్టి ఒంటి గురించి మాట్లాడే అలవాటు చాలా పాతది. "పొట్ట కనబడుతోంది", "నీ కాళ్లు ఇంత లావా?" అని నీకూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాటల వల్ల తిండి మానేసి ఆస్పత్రి పాలైన పిల్లలు ఎంతోమంది. నీ క్లాసులో ఆ మాట పుట్టకూడదు. ఒళ్లు ఏం చేస్తోందో చెప్పు, ఒళ్లు ఎలా ఉందో చెప్పకు. ముట్టుకునే ముందు అడుగు, మా టీచరుగారిలాగా. నీకు దక్కని పాత్రలన్నీ నీ శిష్యురాలికి దక్కాలని కూడా కోరుకోకు. ఆ బరువు పిల్లలు మోయలేరు. నేను ఒక పిల్ల మీద ఆ బరువు పెట్టాను. ఆ పిల్ల నాట్యం మానేసింది. ఆ సంగతి ఇంకా నన్ను తొలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు డైరెక్టర్ సంగతి. టీచరు అన్న మాట బాధగా ఉన్నప్పుడు డైరెక్టర్ అన్న మాట తీయగా వినిపిస్తుంది. నువ్వు ఆ రెండిట్నీ వారం తేడాలో అన్నావంటే, రెండోది మొదటిదాని మీద పూసిన మందేమోనని నాకు అనుమానం. అయినా ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోను. నిజంగా కావాలనుకుంటే, ఆ పని ఏమిటో ముందు చూడు. ఆర్టిస్టిక్ డైరెక్టర్ అంటే ఏ సీజన్లో ఏ బ్యాలే వేయాలో ఏళ్ల ముందే తేల్చుకోవాలి. అమెరికాలో కంపెనీలు చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు కాబట్టి బోర్డుకి జవాబు చెప్పాలి, దాతల ఇళ్లలో విందులకి వెళ్లాలి, బడ్జెట్ చదవాలి. అన్నిటికన్నా కష్టమైన పని, ఎవరికి ఏ పాత్ర, ఎవరికి వచ్చే ఏడు కాంట్రాక్ట్ లేదు అని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం. నీతో పాటు డ్రెస్సింగ్ రూమ్‌లో రిబ్బన్లు కుట్టుకున్న స్నేహితురాలికి కూడా. అది చేయగలనా అని ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని ఆలోచించు.

చేయగలనని అనిపిస్తే, దారి ఉంది. కానీ అది పొడుగు దారి. మీ న్యూజెర్సీతోనే ముడిపడిన ఉదాహరణ చెబుతాను. సూసన్ జాఫీ అమెరికన్ బ్యాలే థియేటర్లో ప్రిన్సిపల్‌గా, అంటే ముఖ్య నర్తకిగా, వెలిగి 2002లో స్టేజీ దిగింది. తర్వాత ప్రిన్స్‌టన్‌లో ఇంకొకరితో కలిసి డాన్స్ స్కూలు నడిపింది. మళ్లీ పాత కంపెనీకే వెళ్లి రిహార్సల్స్ చేయించే బ్యాలే మిస్ట్రెస్‌గా పని చేసింది. 2012 నుంచి నార్త్ కరోలినాలోని కళల యూనివర్సిటీలో డాన్స్ విభాగానికి డీన్‌గా ఎనిమిదేళ్లు ఉంది. 2020లో పిట్స్‌బర్గ్ కంపెనీకి డైరెక్టర్ అయింది. 2022 చివర్లో తను నాట్యం చేసిన అమెరికన్ బ్యాలే థియేటర్‌కే డైరెక్టర్‌గా తిరిగొచ్చింది. స్టేజీ దిగిన రోజు నుంచి ఆ కుర్చీ దాకా ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో ముందు చేసిన పని ఏమిటో చూడు: పాఠాలు చెప్పడం.

ఇంకో దారి లండన్‌లో కెవిన్ ఓహేర్‌ది. ఆయన 2000లో నాట్యం ఆపి, షేక్‌స్పియర్ నాటకాలు వేసే రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి వెళ్లి, అసలు ఒక కంపెనీని ఎలా నడుపుతారో నేర్చుకున్నాడు. తర్వాత కంపెనీ మేనేజరుగా టూర్లు, షెడ్యూళ్లు చూసుకుంటూ వచ్చి 2012లో రాయల్ బ్యాలేకి డైరెక్టర్ అయ్యాడు. ఆ రాయల్ బ్యాలే పుట్టిందే ఒక నర్తకి పెట్టిన స్కూల్లోంచి. నినెట్ ద వాల్వా 1926లో, ఇంకా ముప్పై కూడా నిండకముందే, లండన్‌లో స్కూలు తెరిచింది. అయిదేళ్లకి అందులోంచి కంపెనీ పుట్టింది, 1956లో దానికి రాణిగారి చార్టర్‌తో రాయల్ అన్న పేరొచ్చింది. న్యూయార్క్‌లో బ్యాలేలు కట్టిన బాలంచీన్ మాస్టారు కూడా అంతే. స్కూలు 1934లో, న్యూయార్క్ సిటీ బ్యాలే 1948లో. ఇంత పెద్ద కంపెనీల కింద ముందు పునాదిగా పడింది పిల్లల క్లాసులే.

నీకు ఇంకా దగ్గరగా ఉన్న మెట్టు ఒకటి చెప్పనా? రిహార్సల్ డైరెక్టర్. స్వాన్ లేక్ అనే బ్యాలేలో ఇరవై నాలుగు హంసలుంటే, ఆ ఇరవై నాలుగు మంది ఏ లెక్కకి ఎక్కడుండాలో, ఎవరి భుజం ఎవరి వరసలో ఉండాలో చెప్పగలిగే మనిషి లేకపోతే ఆ రాత్రి తెర లేవదు. ప్రిన్సిపల్స్‌కి ఆ లెక్క చాలామందికి తెలియదు, వాళ్లు అప్పుడు మధ్యలో ఉంటారు. గుంపులో ఏడేళ్లు చేసిన దానికి తెలుసు. ఈ సీజన్లోనే మీ బ్యాలే మాస్టారిని అడుగు, నువ్వు లేని పాత్రల రిహార్సల్‌లో కూర్చోనివ్వమని, ఒకరోజు ఆయనకి బాలేకపోతే నిన్ను చేయించనివ్వమని. పక్కవాళ్ల అడుగులు కూడా నేర్చుకో. సాయంత్రం చీలమండకి ఐసు పెట్టుకుంటూ రాసుకో. అందులో నీకు ఆనందం దొరికిందో లేదో మేకి ముందే తెలిసిపోతుంది. దొరక్కపోతే డైరెక్టర్ కుర్చీ గురించి మళ్లీ ఆలోచిద్దాం.

ఇక మళ్లీ మీతో, అమ్మా. వాళ్ల నాన్నగారు చెప్పింది సగం సరైనదే. ఆ సగాన్ని అమ్మాయికి కోపం లేకుండా అందించండి. అమెరికాలో యూనివర్సిటీల్లో పూర్తికాలం డాన్స్ ఉద్యోగం కావాలంటే సాధారణంగా పెద్ద డిగ్రీ అడుగుతారు. కాలిఫోర్నియాలో సెయింట్ మేరీస్ కాలేజీ 1999 నుంచి వృత్తి నర్తకుల కోసమే ఒక డిగ్రీ కోర్సు నడుపుతోంది, స్టేజీ అనుభవాన్ని కూడా చదువుగా లెక్కలోకి తీసుకునే పద్ధతిలో. నర్తకులు వేరే దారి పట్టడానికి సలహాలు, కొంత డబ్బు సాయం చేసే సంస్థ ఒకటి అమెరికాలో 1985లో మొదలైంది. ఇప్పుడు అది ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్‌లో భాగం. అమ్మాయిని ఇప్పుడే వాళ్లకి ఫోన్ చేయమనండి, మే దాకా ఆగక్కర్లేదు. అయితే "డాన్స్ వదిలేసి చదువు" అని వాళ్ల నాన్నగారు అంటే ఆ పిల్ల వినదు. "నీ డాన్స్ కోసమే ఈ చదువు" అంటే ఒకసారి ఆగి వింటుంది. ఆయనకీ ఈ తేడా మీరే చెప్పాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. క్లాసులకి గంటల లెక్కన ఇస్తారు, కంపెనీ జీతంతో దానికి పోలిక ఉండదు. కాంట్రాక్ట్ అయిపోతే హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది, చీలమండ దెబ్బ పనిలో తగిలింది కాబట్టి ముందు ముందు వైద్యం ఎవరి ఖర్చు, ఇవి రెండూ మేలో సంతకాలు పెట్టేలోపు కాగితం మీద రాయించుకోవాలి. యూనియన్ ఉంటే వాళ్లని అడగాలి. నర్తకులు ఈ విషయాల్లో మొహమాటపడతారు. మొహమాటం వద్దని చెప్పండి.

ఆఖరి షోకి మీ ఇద్దరూ వెళ్లండి. ఎంత చిన్న పాత్రైనా సరే, వాళ్ల నాన్నగారు కూడా రావాలి. ఆయన రాకపోతే ఆ పిల్ల పదేళ్ల తర్వాత కూడా అదే గుర్తుపెట్టుకుంటుంది.

గరాజ్‌లో ఆరు డబ్బాల గురించి అడిగారు. వాటిని మీరు ముట్టుకోకండి. తను ఈసారి ఇంటికొచ్చినప్పుడు డబ్బాలు తీసి తన ముందు పెట్టండి. మీరూ పక్కనే కూర్చోండి. ఏ జత ఏ ఊళ్లో ఏ షోలో వేసుకుందో అడగండి, తనకి అన్నీ గుర్తుంటాయి. ఒక జత మాత్రం ఫిబ్రవరిలో క్లాసుకి తీసుకెళ్లమనండి. మొదటిసారి పాయింట్ షూస్ కొనుక్కున్న పిల్లలకి రిబ్బన్ ఎక్కడ కుట్టాలో తెలియదు. మడమ దగ్గర బట్ట లోపలికి మడిచి, ఆ మడత పడిన చోట గుర్తు పెట్టి, అక్కడ కుట్టాలి. తన పాత షూ చేతిలో పెట్టుకుని ఆ మడత చూపించమనండి.